శరత్తులో తూర్పుగాలి: పడమటి ప్రకాశం వంటిళ్లలో ఋతుచర్య

పంచాంగం ప్రకారం ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. వానలు వెనుకబడి, ఆకాశం తేటపడి, ఎండ హఠాత్తుగా తీక్ష్ణమయ్యే కాలమిది. వర్షఋతువులో శరీరంలో సంచయమైన పిత్తం ఈ ఎండకు ప్రకోపిస్తుందనీ, కనుక తీపి, చేదు, వగరు రుచులు గల తేలికైన ఆహారాన్ని ఆకలి ఎరిగి మితంగా భుజించవలెననీ చరకుడు, వాగ్భటుడు ఇరువురూ చెప్పారు. ఈ రెండు నెలలలో రోగాలు ఎంతగా విజృంభిస్తాయంటే, శరత్తు వైద్యులకు కన్నతల్లి వంటిదని సంస్కృతంలో ఒక చమత్కారపు నానుడి ఏర్పడింది.

ఈ శాస్త్రాన్ని ఉన్నదున్నట్లు తెచ్చి మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల వంటింట్లో పెట్టినప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఆశ్వయుజం వచ్చేసరికి వాన వెళ్లిపోయే ప్రాంతాలకు ఆ వర్ణన చక్కగా సరిపోతుంది. మనకు వాన పూర్తిగా వెళ్లిపోదు సరికదా, కొన్ని సంవత్సరాలలో అసలు వాన అప్పుడే వస్తుంది. చిత్త, స్వాతి కార్తెలలో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే తూర్పుగాలి మేఘాలను తోలుకొని వచ్చి నల్లమల కొండలకు ఆనిస్తుంది. కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల భాగాలను కలిపి 1970లో ఏర్పరచిన ఉమ్మడి జిల్లాకు తూర్పున సముద్రం, పడమట అడవి. మార్కాపురానికి సముద్రం దాదాపు వంద కిలోమీటర్ల దూరం. అల కంటికి కనబడదు, చెవికి వినబడదు. అయినా కొత్తపట్నం, పాకల రేవులలో పడవలు ఒడ్డుకు లాగిన నాడే ఇక్కడ మన పొయ్యిలో కట్టెలు చెమ్మగిల్లుతాయి. ఆ ఉమ్మడి జిల్లా మొత్తం మీద వానలలో దాదాపు సగం ఈశాన్య ఋతుపవనాల కాలానివే.

ఇటీవలి తుఫానులనే చూడండి. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటింది. ఆనాడు మనకు కార్తిక బహుళాష్టమి. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం వద్ద తీరాన్ని తాకింది. నాగుల చవితి గడిచి అప్పటికి మూడు రోజులు. రెండూ శరదృతువులోనే. చన్నీళ్ల స్నానం, పెసరకట్టు, చలువ చేసే కూరలు అని పుస్తకం చెప్పే రోజులలో బయట మాత్రం ఈదురుగాలి, ముసురు, గోడలకు చెమ్మ.

కొన్నేళ్ల క్రితం మా వీధిలోని ఒక యువతి బిడ్డను చంకనెత్తుకొని వచ్చి, “పెద్దమ్మా, శరత్తులో పిత్తం పెరుగుతుందని చదివి వీడికి చలువ అని పెరుగన్నమే పెడుతున్నాను. అయినా నాలుగు రోజులుగా దగ్గు, పడిశం విడవడం లేదు” అన్నది. అప్పటికి మూడు రోజులుగా సూర్యదర్శనం లేదు. “నెల సరిగానే చూశావు తల్లీ, గాలిని కూడా చూడాల్సింది” అన్నాను. ఈ వ్యాసం ఆ ఒక్క మాటకు విస్తరణ.

గాలిని చూడడం శాస్త్రానికి విరుద్ధం కాదు. శరత్తులో విడిచిపెట్టవలసిన వాటిని చెబుతూ వాగ్భటుడు పెరుగు, నూనె, ఎండ, పగటి నిద్ర, కడుపునిండా తినడం వంటి వాటితో పాటు ‘పురోవాతం’ అన్నాడు. పురోవాతమంటే తూర్పుగాలి. తుఫాను మనకు వచ్చేది ఆ గాలి మీదనే. ఇక మబ్బు పట్టి వాన కురిసే దినాన్ని ఆయన ‘దుర్దినం’ అన్నాడు. వర్షఋతువు ప్రకరణంలో, అటువంటి రోజున పులుపు, ఉప్పు, నెయ్యి స్పష్టంగా తెలిసేటట్లు, నీరుగా కాక పొడిగా, తేలికగా తినవలెనని, కొంచెం తేనె చేర్చుకొనవలెనని విధించాడు. కనుక నా అభిప్రాయంలో, మన ప్రాంతంలో ఆశ్వయుజ కార్తికాలను ఒకే ఋతువుగా కాక రెండు రకాల రోజులుగా చూడాలి. ముసురు నాడు వర్షఋతువు వంట, ఎండ కాసిన నాడు శరదృతువు వంట.

ఈ భేదం తెలుసుకొనడానికి రేడియో వార్తలే అక్కరలేదు. రాచర్ల వైపు పల్లెలో పుట్టి పెరిగిన మా అత్తగారు తెల్లవారి పొయ్యి రాజేసి, వెలుపలికి వచ్చి పొగ ఎటు పోతున్నదో చూసేవారు. పొగ పడమటి దిక్కుకు, అంటే నల్లమల వైపుకు వంగి నేలబారుగా పోతుంటే, “తూర్పు తిరిగింది. ఉలవలు నానబెట్టమ్మా” అనేవారు. నిట్టనిలువుగా లేచిందంటే పొట్లకాయ కోయమనేవారు. ఆమె ఏ గ్రంథమూ చదువలేదు. ఇప్పుడు గ్యాసు పొయ్యిలు వచ్చాయి గనుక పొగ లేదు. దేవుని గది అగరువత్తిని గుమ్మంలో పెట్టి చూసినా తెలుస్తుంది.

ముసురు నాడు

ముసురు పట్టినప్పుడు జఠరాగ్ని మందగిస్తుంది, వాతం పెరుగుతుంది. కీళ్లనొప్పులవారు ఈ సంగతి వాతావరణ శాఖ కంటె ముందే చెప్పగలరు. ఆ రోజు పెరుగు, సొరకాయ, దోసకాయ, చద్దన్నం, పులిసిన జొన్న అంబలి పనికిరావు. పాత బియ్యపు అన్నం, పెనం మీది నుంచి దిగిన వేడి జొన్నరొట్టె, నేయి, శొంఠి, మిరియం, వెల్లుల్లి, జీలకర్ర ఆ రోజుకు తగినవి. కొర్రన్నం వండదలచినవారు కొర్రలను ముందు రాత్రే నానబెట్టాలి. కొర్ర విరిగిన ఎముకను అతికించేదిగా శాస్త్రంలో ప్రసిద్ధి పొందినదే అయినా గురుగుణం కలది, వాతాన్ని పెంచేది. నెయ్యి లేకుండా ముసురునాడు తింటే కడుపు ఉబ్బుతుంది.

ముసురునాటి రాజు మాత్రం ఉలవచారు. మన మెట్టచేలలో ఆలస్యంగా విత్తినా పండే పంట ఉలవ. వేడి చేస్తుంది, కఫవాతాలను హరిస్తుంది, దగ్గుకు మంచిది. అయితే పిత్తాన్నీ రక్తాన్నీ రేపుతుంది. అందుచేత ఎండ కాసిన రోజున దీనిని ముట్టరాదు.

ఒక గ్లాసు ఉలవలను రాత్రి కడిగి నానబెట్టి, మరునాడు ఎనిమిది గ్లాసుల నీటిలో సన్నని సెగపై ఉడికించవలెను. గింజ వేళ్ల మధ్య నలిగినప్పుడు వార్చుకొని, ఆ కట్టులో నిమ్మకాయంతలో సగం చింతపండు పులుసు, తగినంత ఉప్పు, అరచెంచా మిరియాల పొడి, కొంచెం జీలకర్ర పొడి వేసి, ఇగిరి చిక్కబడే వరకు మరిగించవలెను. నేతిలో వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు పోపు. మిగిలిన గింజలను పారవేయరాదు. ఉల్లిపాయతో తాలింపు పెడితే గుగ్గిళ్లు, ఇంట్లో ఎద్దులుంటే వాటి భాగ్యం. రక్తం పడే మొలలు, కడుపులో పుండు గలవారు, గర్భిణులు ఉలవచారుకు బదులు మిరియాలచారు తీసుకోవడం ఉత్తమం.

తుఫాను రోజుల మరొక కష్టం కూరగాయలు దొరకకపోవడం. వాగులు పొంగి బాటలు తెగితే సంత ఉండదు. అందుకే వేసవిలో మన అవ్వలు మిద్దెల మీద ఒరుగులు ఎండబెట్టేవారు. కాకర ఒరుగులు, మామిడి ఒరుగులు, ఊరమిరపకాయలు, గుమ్మడి వడియాలు. ‘పొడిగా, తేలికగా, పులుపు ఉప్పు తెలిసేటట్లు’ అన్న శాస్త్రవాక్యానికి కందిపప్పు చారు పక్కన మామిడి ఒరుగు కంటె దగ్గరి ఉదాహరణ నాకు కనబడదు. రేవు పల్లెలలో ఇదే అవసరాన్ని ఎండుచేప తీరుస్తుంది. అది జీర్ణానికి బరువు గనుక ఆ రోజుకు మాత్రమే, కొద్దిగా. రక్తపోటు గలవారికి ఒరుగులలోని, ఎండుచేపలలోని ఉప్పు హాని. నీటిలో నానబెట్టి, ఆ నీటిని పారబోసి వండుకొనవలెను.

పకోడీల సంగతి. ఆకలి మందగించిన రోజున నూనెలో వేగిన శనగపిండి తగదని నేను ఎన్ని మార్లు చెప్పినా, వాన చినుకు పడగానే బాణలి పెట్టని ఇల్లు మా వీధిలో లేదు, మా ఇంటితో సహా. తినక తప్పదనుకున్నవారు పిండిలో వాము చేర్చి, సాయంకాలం నాలుగు గంటలకే తిని, రాత్రికి అన్నం మాని మిరియాలచారు మాత్రం త్రాగితే చాలు.

తెరిపి ఇచ్చిన తరువాత

తుఫాను వెలసిన రెండవనాడో మూడవనాడో వచ్చే ఎండ నిజమైన శరత్తు ఎండ. తడినేల ఆవిరి చిమ్ముతుంది, నెత్తి మాడుతుంది. ఆమ్లపిత్తం, కళ్లమంట, నోటిపూత, దద్దుర్లు, అరికాళ్ల మంట అప్పుడు బయలుదేరుతాయి. ముసురు వంటనే కొనసాగించిన ఇళ్లలో ఇవి మరింత ఎక్కువ. అలాగని ఒక్క పూటలో అంతా మార్చరాదు. ఋతుసంధి పద్నాలుగు రోజులలో పాత అలవాటును కొంచెం కొంచెంగా విడిచి కొత్తదానిని కొంచెం కొంచెంగా పట్టవలెనని శాస్త్రం. మన ముసురుకు అన్ని రోజులు లేవు. కనుక మొదటి రోజు కారం, మిరియం సగానికి తగ్గించి, రెండవ రోజు నుంచి చేదు కూరలు మొదలుపెట్టడం నేను అనుసరించే పద్ధతి.

పొట్లకాయ ఈ ఋతువుకు వాగ్భటుడు పేరెత్తి చెప్పిన కూర జాతికి చెందినది. దానిని పెసరపప్పుతో, పచ్చికొబ్బరితో, కారం లేకుండా వండితే పిత్తశాంతి. కాకరకాయను చింతపండు, బెల్లం పోసి దాని చేదంతా చంపివేసే వంటలు మనకు ఎక్కువ. శరత్తులో మాత్రం ఉప్పు, పసుపు, కొంచెం నెయ్యితో వేపుడు చేసి చేదును చేదుగానే తినవలెను. చెరువు గట్ల మీద ఈ కాలంలో విరివిగా దొరికే పొన్నగంటి కూర కళ్లమంటకు మంచిది. మన ప్రాంతపు ముద్ద కారం లేనిదే గొంతు దిగదన్న సంగతి నాకు తెలుసు. ఈ పదిహేను రోజులు ఎండుమిరపకు బదులు ధనియాలు, జీలకర్ర దంచిన పొడి వాడి చూడండి.

పెరుగు విషయంలో శాస్త్రం కఠినం. శరత్తులో వద్దు, ఏ ఋతువులోనూ రాత్రి వద్దు, వేడి చేసి అసలే వద్దు. తెలుగువారిని పెరుగు మానమనడం ఊపిరి మానమనడం వంటిదని ఆ మహర్షులకు తెలిసినట్లుంది. పెసరకట్టుతో గాని, తేనెతో గాని, నెయ్యి పంచదారలతో గాని, ఉసిరికతో గాని కలిపి తినవచ్చునని దారి వదిలారు. కార్తికంలో మన ఇళ్లలో పెరుగన్నంలో ఉసిరికాయ పచ్చడి నంజుకొనే అలవాటుకు ఇంతకంటె మంచి సాక్ష్యం అక్కరలేదు. పచ్చడి అప్పటికప్పుడు చేసుకొన్నదై ఉండాలి. నాలుగు ఉసిరికాయలను ఆవిరిపై ఉడికించి, గింజ తీసి, ఉప్పు, జీలకర్ర, ఒకే ఒక పచ్చిమిరపకాయతో నూరి, నేతి పోపు పెట్టవలెను. కారం, నూనె ఓడే నిల్వ పచ్చడి ఈ పని చేయదు.

నల్లమల నుంచి గిద్దలూరు బాటల వెంట గంపలలో వచ్చే సీతాఫలాలు ఈ నెలలవే. తీయనివి, చల్లనివి, బరువైనవి. ఎండ రోజున మధ్యాహ్నం ఒకటి చాలు. ముసురునాడు పిల్లలకు పెట్టరాదు. మధుమేహులు దూరంగా ఉండడం మేలు. గింజల పొడి కళ్లలో పడితే చూపుకు హాని గనుక పేల కోసం దానిని తలకు రుద్దే అలవాటును మాన్పించాలి. చెంచులు సేకరించే నల్లమల తేనె గిరిజన సహకార సంస్థ దుకాణాలలో లభిస్తుంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు సమభాగాలుగా చేసిన పొడి చిటికెడు ఆ తేనెతో తీసుకుంటే ముసురునాటి దగ్గు, పడిశం సర్దుకొనును. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించరాదు. ఎండ నాటి కడుపుమంటకు రెండు చెంచాల ధనియాలు నలగగొట్టి రాత్రి గ్లాసెడు నీటిలో నానవేసి, ఉదయం వడగట్టి పటికబెల్లంతో త్రాగవలెను.

ఒక హెచ్చరిక. ఇది డెంగ్యూ, విషజ్వరాల కాలం కూడా. జ్వరం రెండు రోజులు దాటితే కషాయాలతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించాలి. ఒళ్లునొప్పుల బిళ్లలు వైద్యుని అడుగనిదే వేసుకోరాదు. కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. పసివాడు డొక్కలు ఎగరేస్తూ శ్వాస తీస్తుంటే ఇంటివైద్యం పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. శరత్తులో విరేచనకర్మ మంచిదని విని ఇంట్లో అందరికీ ఆముదం పట్టించే పెద్దలున్నారు. అది వైద్యుని పర్యవేక్షణలో చేయవలసిన చికిత్స.

కార్తిక మాసపు చివరి ఎనిమిది రోజులను, మార్గశిరపు తొలి ఎనిమిది రోజులను శార్ఙ్గధరుడు ‘యమదంష్ట్ర’ అన్నాడు. అప్పుడు తక్కువ తినేవాడే బ్రతుకుతాడట. మిచౌంగ్ తుఫాను సరిగ్గా ఆ కోరల మొదటి రోజున వచ్చింది. ఆ పదహారు రోజులూ రాత్రి భోజనాన్ని సగానికి తగ్గించి, సూర్యాస్తమయమైన గంటలోపల ముగించడం మా ఇంటి నియమం. కార్తిక సోమవారాల ఉపవాసం చేసినవారు ఆ రాత్రి పులిహోర, గారెలతో పారణ చేస్తే మాత్రం ఉపవాస ఫలం దేవునికి చెందుతుంది, దేహానికి చెందదు.

త్రాగే నీరు

శరత్తు నీటికి శాస్త్రం ఇచ్చిన పేరు ‘హంసోదకం’. పగలు సూర్యునిచే కాగి, రాత్రి చంద్రునిచే చల్లబడి, అగస్త్య నక్షత్రోదయంతో నిర్విషమైన నీరు అమృతతుల్యమని వర్ణన. ఈ మాటను పట్టుకొని బోరునీటిని బిందెలో పోసి ఎండలో, వెన్నెలలో పెట్టి త్రాగేవారు నాకు తెలుసు. ఇతర ప్రాంతాల సంగతి ఏమోగాని ఇక్కడ అది ప్రమాదం. మన భూగర్భజలంలో అనేక గ్రామాలలో ఫ్లోరైడు ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొదట గుర్తించి 1937లో ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లాలో. నేటి కనిగిరి, పొదిలి ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. దాటిన నీటిని ఏళ్ల తరబడి త్రాగితే పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. ఎండకు గాని, వెన్నెలకు గాని ఫ్లోరైడు పోదు. మరిగిస్తే నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది. ముసురునాడు పదిసార్లు కాచుకొనే తేనీరు మరొక మూట. తేయాకులోనే ఫ్లోరైడు ఉంటుంది.

మరి పరిష్కారం? ఏ తుఫాను మన వంటను తారుమారు చేస్తున్నదో ఆ తుఫానే మోసుకొని వస్తున్నది. వాననీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండదు. ప్రాచీనులు వాననీటిని గాంగమని, సాముద్రమని విభజించి, సాముద్రజలాన్ని త్రాగరాదన్నారు, ఒక్క ఆశ్వయుజ మాసంలో తప్ప. సముద్రపు మేఘం కురిసే నీరు ఆ ఒక్క నెలలో పనికివస్తుందన్న ఈ మినహాయింపు మన ప్రాంతం కోసమే వ్రాసినట్లు నాకు తోస్తుంది. నీటిని పట్టే విధానాన్ని కూడా సుశ్రుతుడు చెప్పాడు. శుభ్రమైన తెల్లని వస్త్రాన్ని పరచి దాని కొస నుంచి కారే నీటిని గాని, మేడ పైభాగం నుంచి జారే నీటిని గాని పరిశుభ్రమైన పాత్రలలో పట్టి, బంగారు, వెండి, లేదా మట్టి పాత్రలో నిలువచేయమన్నాడు. బంగారం మాట వదిలేద్దాం, మట్టికుండకు కొదువ లేదు.

లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మిద్దె మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. యాభై చదరపు మీటర్ల మిద్దె మీద ఒక తుఫానులో వంద మిల్లీమీటర్లు కురిస్తే ఐదు వేల లీటర్లు. అందులో సగమే పట్టగలిగినా రెండువేల ఐదు వందలు. ఐదుగురి కుటుంబానికి త్రాగడానికి, వంటకు రోజుకు పాతిక లీటర్ల చొప్పున అది వంద రోజుల నీరు. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు కట్టవేసి కంభం చెరువును నిర్మించినవారు పెద్ద ఎత్తున చేసిన పనిని మనం మిద్దె ఎత్తున చేస్తే చాలు.

ఆశ్వయుజం రాకమునుపే మిద్దెను ఊడ్చి కడిగి, ఎండుటాకులు, పక్షుల రెట్టలు లేకుండా చేయాలి. వాన మొదలైన తొలి అరగంట నీటిని బయటికి వదలాలి. తరువాతి నీటిని గొట్టం మూతికి కట్టిన నాలుగు మడతల గుడ్డ గుండా మూతగల తొట్టిలోకి పంపాలి. మూత బిగుతుగా ఉండాలి. వారం పది రోజులు తెరచి ఉంచితే డెంగ్యూ దోమను మనమే పెంచినట్లవుతుంది. త్రాగే నీటిని క్రిముల కోసం తెర్లించి చల్లార్చాలి. ఇందులో ఫ్లోరైడు లేదు గనుక మరిగించినా దోషం లేదు. ముసురునాడు అందులో శొంఠి ముక్క, ఎండనాడు ధనియాలు వేసి కాచుకోవచ్చు. వాననీటిలో ఖనిజలవణాలు తక్కువ గనుక రాగులు, నువ్వులు, పాలు, ఉసిరి ఆహారంలో ఉండేటట్లు చూసుకోవాలి. ఇవి ఇదివరకే ఒంటపట్టిన ఫ్లోరైడు హానిని కూడా కొంత తగ్గిస్తాయి.

మాఘమాసానికి తొట్టి అడుగంటుతుంది. అప్పుడు అడుగున చేరిన ఒండ్రు తీసి, గోడలను కొబ్బరిపీచుతో రుద్ది కడిగి, రెండు రోజులు మూత తెరచి ఎండనిచ్చి, మళ్లీ మూసి ఉంచాలి. గొట్టానికి కట్టిన గుడ్డను ఉతికి దాచరాదు, ఏటా కొత్తది కట్టాలి.